ఇండియా ట్రిప్పుకి మడతపెట్టే కార్ సీటు సరిపోతుందా?

ప్రశ్న:

మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. డిసెంబరులో నాలుగు వారాలకి ఇండియా వస్తున్నాం. పాపకి మూడేళ్ళ ఏడు నెలలు, 33 పౌండ్లు. బాబుకి పద్నాలుగు నెలలు, 22 పౌండ్లు, ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు. హైదరాబాద్‌లో దిగి కారులో ఖమ్మం వెళ్ళాలి, అది మా అత్తగారి ఊరు. అక్కణ్ణుంచి రైల్లో తిరుపతి, ఆ తర్వాత మళ్ళీ హైదరాబాద్‌లో మా చెల్లి పెళ్ళి. ఇంట్లో ఉన్న కార్ సీట్లు మోయలేనంత బరువు. మా ఆయన మడతపెట్టే సీటు ఒకటి చూశారు, దాదాపు నాలుగు వందల డాలర్లు. 22 పౌండ్ల నుంచి పనికొస్తుందని రాసి ఉంది కాబట్టి ఇద్దరికీ చెరొకటి కొనేద్దాం అంటున్నారు. నాకేమో ఇండియా సైట్లో గుడ్డతో కుట్టిన పోర్టబుల్ సీటు కనిపించింది, పదిహేను వందల రూపాయలే. పాపకి గాలి ఊదుకునే బూస్టర్ చాలదా అని కూడా ఒక ఆలోచన. మా అత్తగారు మాత్రం "మా పిల్లలంతా ఏ సీట్లలో పెరిగారమ్మా, నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాను" అంటున్నారు. వెళ్ళగానే ఇంట్లో గొడవ మొదలవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

(ఇద్దరు పిల్లల తల్లి, ఫ్రిస్కో)

జవాబు:

ముందు మీ ఆయన్ని ఆ రెండు సీట్ల ఆర్డరు ఆపమనండి. పాపకి పోర్టబుల్ దొరుకుతుంది, అందులో మంచివి ఉన్నాయి. బాబుకి మాత్రం మడతపెట్టి బ్యాగులో పెట్టుకునే సీటు కుదరదు, వాడికి మామూలు సీటే కావాలి, కాకపోతే తేలికైనది.

మీ ఆయన చూసింది వేబీ పీకో అనుకుంటున్నాను, ధర, బరువు లెక్క రెండూ దానికి సరిపోయాయి. మంచి సీటే. అల్యూమినియం ఫ్రేము, మూడున్నర కిలోల పైచిలుకు బరువు, మడిస్తే విమానంలో తలపైన అరలో పట్టేస్తుంది. కానీ అది ముందుకి తిరిగి కూర్చునే సీటు మాత్రమే, వెనక్కి తిప్పి పెట్టడానికి లేదు. 22 పౌండ్ల నుంచి అని రాసిన చోటే పిల్లలకి కనీసం రెండేళ్ళు ఉండాలని కూడా రాసి ఉంటుంది, ఆ రెండో ముక్కని మనం తొందరలో చదవం. పద్నాలుగు నెలల పిల్లాడి తల ఒంటితో పోలిస్తే చాలా బరువు, మెడ ఎముకలు ఇంకా గట్టిపడలేదు. కారు ముందు నుంచి గుద్దుకుంటే ముందుకి తిరిగి ఉన్న పిల్లాడి ఒళ్ళు పట్టీల దగ్గర ఆగిపోతుంది, తల మాత్రం ముందుకి విసిరేసినట్టు వెళ్తుంది. అదే వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు అన్నీ కలిపి సీటు మోస్తుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018 నుంచి చెప్తున్నది కూడా ఇదే, సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటేదాకా పిల్లల్ని వెనక్కి తిప్పే కూర్చోబెట్టమని. యూరప్ కొత్త నియమాల్లో అయితే పదిహేను నెలలు దాటకుండా ముందుకి తిప్పనే కూడదు. మీ వాడు పాకడం మానేసి నడుస్తున్నాడు కాబట్టి పెద్దవాడైనట్టు కనిపిస్తాడు, మెడకి ఆ సంగతి తెలియదు కదా.

ఇక అసలు విషయానికి వస్తాను, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మా పెద్దవాడికి పదహారు నెలలప్పుడు మేం న్యూజెర్సీ నుంచి మా కారు సీటునే మోసుకుని వచ్చాం. శంషాబాద్‌లో తెల్లవారుజామున మూడింటికి దిగాం. బయట బుక్ చేసిన కారు ఉంది, డ్రైవరు మంచివాడు, సీటుంది, బెల్టుంది. మా ఆయన సీటు పెట్టి, బెల్టు దాని వెనకనుంచి దూర్చి, బకిల్ పెట్టి, మోకాలితో అదిమి లాగి వదిలితే బెల్టు మళ్ళీ వదులైపోతోంది. అలా ముప్పావు గంట. బెల్టు పాడైందేమో అనుకున్నాం. అది పాడవలేదు, అక్కడి బెల్టు తీరే అంత. 1996 తర్వాత అమెరికాలో అమ్మే కార్లలో బెల్టుని పిల్లల సీటు కోసం లాక్ చేసుకునే వీలు ఉండాలి. చాలావాటిలో చివరిదాకా లాగి వదిలితే టకటకమంటూ లోపలికి పోతూ బిగుసుకుంటుంది, మనం దానికి అలవాటుపడిపోయాం. ఇండియాలో, యూరప్‌లో బెల్టుకి మామూలుగా ఆ ఏర్పాటు ఉండదు, బ్రేకు గట్టిగా పడితేనే అది పట్టుకుంటుంది, లేకపోతే ఎంత లాగితే అంత వస్తుంది. అందుకే అమెరికా సీటు అక్కడి బెల్టుతో పెడితే ప్రతి మలుపుకీ కాస్త కాస్త జరుగుతూ పక్కకి ఒరుగుతుంది. ఆ రోజు గుంటూరు దాకా నేను ఆ సీటుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను, అలా పట్టుకోవడం వల్ల ఉపయోగం ఏమీ లేదని నాకు తెలుసు, అయినా చెయ్యి వదల్లేకపోయాను. ఆ ప్రయాణం ఇంకే తల్లీ చెయ్యకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

దీనికి దారులు రెండున్నాయి. మొదటిది ఐసోఫిక్స్. మీ అమెరికా కారులో లాచ్ అని పిలిచే ఇనప కడ్డీలే అక్కడ ఐసోఫిక్స్ పేరుతో ఉంటాయి. వెనక సీటులో వీపు ఆనేది, కూర్చునేది కలిసే సందులో చెయ్యి పెట్టి తడిమితే రెండు కడ్డీలు వేలికి తగులుతాయి. మీ సీటుకున్న పట్టీ కొక్కేలు వాటికి తగిలించి బిగిస్తే బెల్టుతో పనే లేదు. ఇప్పుడొస్తున్న కార్లలో చాలావాటికి ఉన్నాయి, ఎర్టిగా, ఇన్నోవా క్రిస్టా లాంటివాటిలో మధ్య వరుసలో కిటికీల పక్క సీట్లకి ఉంటాయి. పాత క్యాబుల్లో ఉండకపోవచ్చు. రెండోది లాకింగ్ క్లిప్. ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో ఉండే చిన్న లోహపు ముక్క, కొన్ని డాలర్లే, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కొన్ని సీట్లతో పాటే వస్తుంది. సీటుని బెల్టుతో బాగా బిగించాక, బకిల్ నాలుకకి అంగుళం లోపల, నడుం మీద వచ్చే పట్టీని భుజం మీద వచ్చే పట్టీని కలిపి ఈ క్లిప్‌లో దూరుస్తారు, ఇక బెల్టు వెనక్కి జారదు. బిగించాక బెల్టు వెళ్ళే చోట సీటుని పట్టుకుని అటూ ఇటూ ఊపండి, అంగుళం కంటే కదలకూడదు. దీన్ని విమానాశ్రయంలో నేర్చుకోవద్దు. ఇప్పుడే, మీ గ్యారేజీలో, మీ కారులోనే, బెల్టుని చివరిదాకా లాగకుండా, అంటే లాక్ పడనివ్వకుండా పెట్టి, క్లిప్‌తో నాలుగైదు సార్లు సాధన చెయ్యండి. మీరూ చెయ్యండి, మీ ఆయన ఒక్కరే కాదు.

బాబుకి నేనైతే కాస్కో సీనెరా లాంటి తేలిక సీటు తీసుకుంటాను. ఐదు కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, వంద డాలర్ల లోపే, వెనక్కి తిరిగి నలభై పౌండ్ల దాకా వస్తుంది. చూడ్డానికి పెద్ద సోకు ఉండదు, మెత్తలు పల్చగా ఉంటాయి, కప్పు పెట్టుకునే చోటు తప్ప ఇంకేం ఉండదు. ఆ ధరకి అమ్ముతున్నారు కాబట్టి సరుకు నాసిరకం అనుకోకండి, అమెరికాలో అమ్మే ప్రతి సీటూ అదే ఫెడరల్ క్రాష్ పరీక్షకి నిలవాలి, నాలుగు వందల డాలర్లదైనా అరవై డాలర్లదైనా. రైల్లో తిరుపతి వెళ్ళేటప్పుడు బెర్తు కింద పెట్టేసుకోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు ఇంట్లో చుట్టాల పిల్లలకి పనికొస్తుందంటే వదిలేసి రావచ్చు, వాడే విధానం నేర్పించి మరీ. మీరు ఏటా వచ్చేవాళ్ళైతే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు హైదరాబాద్‌లోనే ఒకటి కొని ఖమ్మంలో ఉంచెయ్యడం మేలు. అక్కడ కొనేటప్పుడు సీటు అడుగునో పక్కనో నారింజ రంగు లేబుల్ చూడాలి, దాని మీద గుండ్రంలో ఇ అక్షరం, పక్కన అంకె, యూరప్ భద్రతా ప్రమాణం నంబరు, అంటే ఆర్ 44 లేదా కొత్తదైన ఆర్ 129 అని ఉండాలి. ఆ లేబుల్ ఉన్న సీట్లు లాక్ పడని బెల్టుల్ని దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి, బెల్టు పట్టి ఉంచే ఏర్పాటు సీటులోనే చేస్తారు.

ఆ పదిహేను వందల గుడ్డ సీటు గురించి ఒక్క మాటే, కొనకండి. మెత్తటి దిండుకి నాలుగు పట్టీలు కుట్టి, వాటిని కారు సీటు వెనక చుట్టి కట్టేదాన్ని కార్ సీటు అని పేరు పెట్టి అమ్ముతున్నారు. బ్రిటన్‌లో ఇలాంటివి క్రాష్ పరీక్షలో పెడితే పట్టీలు తెగి, పిల్లాడి బదులు కూర్చోబెట్టిన బొమ్మ ఎగిరి ముందుకి పడింది. బెల్టుని కిందికి లాగి పెట్టే చిన్న చిన్న క్లిప్పులు కూడా అలాంటివే, లేబుల్ లేకపోతే ముట్టుకోవద్దు.

పాపకి బూస్టర్ ఇంకా తొందర. గాలి ఊదే బబుల్‌బమ్‌కి నాలుగేళ్ళు, నలభై పౌండ్లు ఉండాలని కంపెనీయే రాసింది, మీ పాపకి రెండూ లేవు. బూస్టర్ చేసే పని పిల్లని ఎత్తులో కూర్చోబెట్టి, పెద్దల బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద, మెడ మీద కాకుండా భుజం మీద పడేలా చూడటం. ఆ బెల్టు అక్కడే ఉండాలంటే పిల్ల నిటారుగా కూర్చోవాలి. మూడున్నరేళ్ళ పిల్ల, అదీ జెట్‌లాగ్‌తో, సూర్యాపేట రాకముందే నిద్రలో కిందికి జారిపోతుంది, బెల్టు పొట్ట మీదికి వస్తుంది. యూరప్‌లో 2017 నుంచి వీపు లేని కొత్త బూస్టర్లకి 125 సెంటీమీటర్ల ఎత్తు, 22 కిలోల బరువు దాటిన పిల్లలకి మాత్రమే అనుమతి ఇస్తున్నారంటే కారణం ఇదే.

మరి పాపకి ఏం కొనాలి? పీకో ఒకటి కొనుక్కోవచ్చు, వయసు, బరువు అన్నీ సరిపోతాయి. కాకపోతే దాన్ని పైనుంచి కట్టే పట్టీకి కారులో కొక్కెం ఉండాలి, కిందేమో ఐసోఫిక్స్ ఉండాలి, లేదంటే మళ్ళీ ఆ క్లిప్ గొడవ. మీ ట్రిప్పులో ఒక్క కారు కాదు, ఖమ్మం కారు, తిరుపతిలో కొండ మీదికి ఒకటి, హైదరాబాద్‌లో పెళ్ళి పనులకి రోజుకో క్యాబు. అందుకని నా ఓటు రైడ్‌సేఫర్ వెస్టుకి. జాకెట్టులా తొడుగుతారు, కారు బెల్టునే ఆ జాకెట్టుకి ఉన్న గైడుల్లో దూర్చి పెడతారు, బెల్టు పిల్ల ఒంటి మీద సరైన చోట కదలకుండా ఉంటుంది. మూడేళ్ళు, ముప్ఫై పౌండ్లు దాటాలి, మీ పాప దాటింది. సీటంటూ బిగించేది లేదు కాబట్టి లాక్ సమస్య రాదు, కిలోకి కాస్త అటూ ఇటూ బరువు, హ్యాండ్‌బ్యాగులో పడుంటుంది, ధర పీకోలో సగానికి అటూ ఇటూ. తక్కువలు కూడా చెప్పాలి. దీనికి నడుం, భుజం రెండింటి మీదా వచ్చే బెల్టు ఉన్న చోటే కూర్చోబెట్టండి, మధ్యలో నడుం బెల్టు మాత్రమే ఉన్న చోట వద్దు. నిద్రపోతే తల పక్కకి వాలుతుంది, ఆనుకోవడానికి ఏమీ ఉండదు. విమానంలో వాడకూడదు. పాప తనంతట తను బకిల్ తీసే రకమైతే కూడా ఆలోచించాలి, అది మీకే తెలుస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒళ్ళో పిల్లని పట్టుకుని ఊగే బదులు ఆ వెస్టులో కూర్చోబెట్టండి, కిటికీలోంచి కొండ చూసుకుంటూ కూర్చుంటుంది.

కారు గురించి మీ మామగారికి ఒక పని అప్పజెప్పండి. బండి మాట్లాడేటప్పుడు వెనక సీటు బకిల్స్ ఫొటో తీసి పంపమని డ్రైవర్ని అడగమనండి. ఇది అతి జాగ్రత్త కాదు. మన దగ్గర చాలా టాక్సీల్లో వెనక సీట్లకి కవర్లు తొడిగేస్తారు, బకిల్స్ ఆ కవరు కిందో సీటు కిందో ఉండిపోతాయి, బెల్టు ఉంటుంది గానీ పెట్టుకోవడానికి చోటుండదు. రాత్రిపూట సామాను ఎక్కించాక ఆ కవరు విప్పమంటే ఎవరికీ ఓపిక ఉండదు, ముందే చెప్తే డ్రైవర్లు విప్పి తెస్తారు, ఎవరూ కాదనరు. చిన్న డిజైర్‌లో కాకుండా పెద్ద బండి మాట్లాడండి, బాబు సీటు వెనక్కి తిప్పి పెడితే ముందు సీటు కాస్త జరపాల్సి వస్తుంది. పిల్లలిద్దరూ కారు వెనక సీట్లోనే. ముందు సీట్లో తల్లి ఒళ్ళో పిల్లాడు, మన దగ్గర ఎక్కువగా కనిపించేది అదే, అదే అన్నింటికంటే ప్రమాదం కూడా, ఎయిర్‌బ్యాగు తెరుచుకునేది సరిగ్గా పిల్లాడి తల ఉన్న చోట.

విమానం సంగతి క్లుప్తంగా చెప్తాను. బాబుకి ఒళ్ళో టికెట్టే తీసుకుని ఉంటే సీటుని లగేజీలో వెయ్యండి, మెత్తటి బట్టలు కుక్కి అట్టపెట్టెలో పెట్టి. విడి సీటు కొని ఉంటే ఆ కాస్కోనే లోపలికి తీసుకెళ్ళి పెట్టొచ్చు, దాని మీద విమానాల్లో వాడొచ్చని ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. ఎయిర్‌లైన్‌కి ముందే మెయిల్ పెట్టి జవాబు దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు మీ అత్తగారు. ఆవిడతో వాదించకండి, ఆవిడ పిల్లల్ని పెంచిన తీరు తప్పని అన్నట్టు వినిపిస్తుంది. అప్పట్లో ఆ బండ్లు, ఆ రోడ్లు వేరు, ఖమ్మం దాకా ఇప్పుడు కార్లు పోయే స్పీడూ వేరు. ఫోన్‌లోనే, వెళ్ళకముందే, మీ ఆయన చేత చెప్పించండి, కోడలు చెప్పడం కంటే కొడుకు చెప్తే తేలిగ్గా వెళ్తుంది. లెక్క ఒకటి ఇస్తాను. గంటకి యాభై కిలోమీటర్ల స్పీడులో ఉన్న కారు దేన్నైనా గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోతే, పది కిలోల పిల్లాణ్ణి పట్టి ఉంచడానికి దాదాపు నూట నలభై కిలోల బలం కావాలి. అంటే దాదాపు డెబ్భై ఐదు కిలోల వడ్ల బస్తాలు రెండు ఒకేసారి చేతుల్లోంచి లాగేస్తున్నట్టు. మామగారు వ్యవసాయం చూసినవారైతే ఈ మాట ఇంకో వివరణ లేకుండా అర్థమవుతుంది. నాయనమ్మ ప్రేమ ఎంత గట్టిదైనా చేతులు ఆ బరువు ఆపలేవు. పక్కనే కూర్చోమనండి, ఇద్దరు పిల్లల మధ్యలో చోటుంటే అక్కడే, బాబు వెనక్కి తిరిగి ఉంటాడు కాబట్టి ఆవిడ ముఖమే చూస్తూ కూర్చుంటాడు, పాటలు పాడొచ్చు, అరటిపండు తినిపించొచ్చు. మా అత్తగారికి అదే నచ్చింది. రెండో రోజుకి సీటు పట్టీలు బిగించడం ఆవిడే నేర్చుకున్నారు, భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత చేతికి రాకూడదని మా ఆడపడుచుకి ఆవిడే చెప్పారు.

చట్టం పేరు చెప్తే వినేవాళ్ళు ఇంట్లో ఉంటే అదీ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. వెయ్యి రూపాయలకి ఎవరూ భయపడరు, అది నాకూ తెలుసు, కానీ ఇది అమెరికా నుంచి మోసుకొచ్చిన ఆచారం కాదు, మన దేశపు నియమమే అని చెప్పడానికి పనికొస్తుంది. ఇంకో మాట కూడా కలిపి చెప్పండి. తాతగారు మనవడిని స్కూటర్ ముందు నిలబెట్టుకుని వీధి చివరిదాకా తిప్పుతారు, ప్రతి ఇంట్లో జరిగేదే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్ళాలంటే నడిపేవాళ్ళకి కట్టే బెల్టు, పిల్లలకి హెల్మెట్ ఉండాలని, నలభై దాటకూడదని 2022లో కేంద్రం నియమం తెచ్చింది. అవి రెండూ మీ దగ్గర లేవు కాబట్టి ఈ నాలుగు వారాలూ స్కూటర్ షికారు వద్దని మామగారికి కూడా ముందే, ప్రేమగా చెప్పెయ్యండి.

మీ విమానం అర్ధరాత్రో తెల్లవారుజామునో దిగుతుంటే మాత్రం వెంటనే ఖమ్మం బయల్దేరకండి. నాలుగు గంటల దారి, డ్రైవరు అప్పటికే మీకోసం రాత్రంతా మెలకువగా ఉంటాడు. సీటు ఎంత మంచిదైనా నిద్రమత్తులో నడిపే మనిషిని అది సరిచెయ్యలేదు. చెల్లి ఇంట్లో పడుకుని, పొద్దున ఇడ్లీలు తిని, వెలుతుర్లో సీటు బిగించుకుని, మామగారు పంపిన ఫొటోలో బకిల్ ఎక్కడుందో చూసుకుని బయల్దేరండి. సూర్యాపేటలో తప్పకుండా ఆపి బాబుని సీట్లోంచి తీసి అరగంట నడిపించండి, అప్పుడే మళ్ళీ కూర్చోబెడితే ఏడవడు.